2147483647: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సంఖ్య చాలామందికి మొదట కనిపించేది ఏదో ఒక ఎర్రర్‌లోనే. నాకూ అంతే. ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకుంటున్న రోజుల్లో ఒక డేటాబేస్‌లో ఫోన్ నంబర్ల కాలమ్‌ను మామూలు పూర్ణాంకంగా పెట్టాను. మర్నాడు తెరిచి చూస్తే వరసగా అందరికీ ఒకటే నంబరు: 2147483647. ఎవరో ఆకతాయి దొంగ నంబరు ఇచ్చి పదేపదే రిజిస్టర్ చేసుకున్నాడనుకుని ఒక పూటంతా ఆ ఆకతాయిని వెతికాను. దొరికింది మాత్రం ఈ సంఖ్య. అప్పటినుంచి దీని గురించి నన్ను అడిగినవీ, నేను నలుగురినీ అడిగినవీ ఇక్కడ రాస్తున్నాను.

దీన్ని ఎలా చదవాలి? అసలు ఎంత పెద్దది?

రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్భై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. మొత్తం పది అంకెలు. సెకనుకు ఒకటి చొప్పున తిండీ నిద్రా మానేసి లెక్కపెట్టినా 68 ఏళ్ళు దాటుతుంది. ఈ 68 ఏళ్ళ మాట గుర్తుంచుకోండి, కింద మళ్ళీ వస్తుంది.

ఇందులో అంత ప్రత్యేకత ఏముంది?

ముప్ఫై ఒక్క రెండ్లను వరసగా గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఈ సంఖ్య వస్తుంది. అంటే 2³¹ − 1. పైగా ఇది ప్రధాన సంఖ్య: ఒకటి, తాను తప్ప మరే సంఖ్యా దీన్ని నిశ్శేషంగా భాగించదు. రెండు ఘాతంలోంచి ఒకటి తీస్తే వచ్చే ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. ఆ వరసలో ఇది ఎనిమిదోది. ముందున్న ఏడూ ఇవి: 3, 7, 31, 127, 8191, 131071, 524287. ఐదు లక్షల దగ్గర ఉన్నది ఒక్క గెంతులో రెండు వందల కోట్లు దాటిపోయింది. ఈ జాతి సంఖ్యలు అంత అరుదు.

ఘాతాంకం (ఇక్కడ 31) ప్రధాన సంఖ్య అయితే ఫలితం కూడా ప్రధాన సంఖ్యే కదా?

కాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. 11 ప్రధాన సంఖ్యే, కానీ 2¹¹ − 1 అంటే 2047, అది 23 × 89. తిరగేసి చెబితే మాత్రం నిజం: ఫలితం ప్రధాన సంఖ్య కావాలంటే ఘాతాంకం ప్రధాన సంఖ్య అయి తీరాలి. అయినంత మాత్రాన చాలదు.

ఇది ప్రధాన సంఖ్యేనని కంప్యూటర్లు లేని రోజుల్లో ఎలా తేల్చారు?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది, కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

ఒక సంఖ్య ప్రధానమో కాదో చూడాలంటే దాని వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. కారణాంకాలు జంటలుగా వస్తాయి, జంటలో చిన్నది వర్గమూలాన్ని దాటదు. మన సంఖ్య వర్గమూలం 46,340 కంటే కాస్త ఎక్కువ. ఆ లోపల నాలుగు వేల ఏడు వందలకు పైగా ప్రధాన సంఖ్యలున్నాయి. అన్ని భాగహారాలు చేతితో చేయడమంటే మాటలు కాదు, మధ్యలో ఒక్క తప్పు దొర్లినా మొత్తం వృథా.

1772లో గణితజ్ఞుడు లియోనార్డ్ ఆయిలర్ ఈ పనిని పదో వంతు కంటే తక్కువకు దించాడు. అప్పటికి ఆయన చూపు దాదాపు పోయింది. ఆయన ఆలోచన ఇలా నడుస్తుంది. ఏదో ఒక ప్రధాన సంఖ్య మన సంఖ్యను భాగిస్తుందనుకుందాం. దాన్ని ‘దొంగ’ అని పిలుద్దాం. 1తో మొదలుపెట్టి రెండుతో గుణిస్తూ, ప్రతిసారీ దొంగతో భాగించి శేషం రాసుకుంటూ పోతే సరిగ్గా 31 అడుగులకు మళ్ళీ 1 దగ్గరికి వస్తాం. 31 ప్రధాన సంఖ్య కాబట్టి అంతకంటే చిన్న చక్రం కుదరదు. మరోవైపు ఫెర్మా సిద్ధాంతం ప్రకారం దొంగ కంటే ఒకటి తక్కువ అడుగులు వేసినా 1 దగ్గరికే రావాలి. కాబట్టి దొంగలోంచి ఒకటి తీస్తే వచ్చేది 31 గుణిజం. దొంగ బేసి సంఖ్య గనక అది 62 గుణిజం కూడా.

ఇంకో మెలిక ఉంది. 2³¹ శేషం 1 అయితే 2³² శేషం 2 అవుతుంది. 2³² అంటే 2¹⁶కు వర్గం. అంటే దొంగ లెక్కలో రెండు అనేది ఒక వర్గం. అలా జరగాలంటే దొంగను 8తో భాగించినప్పుడు శేషం 1 గానీ 7 గానీ ఉండాలి. రెండు షరతులూ కలిపితే దొంగ 248 గుణిజానికి 1 కలిపినదో, 63 కలిపినదో అయి ఉండాలి. మూడో దారి లేదు.

46,340 లోపల అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను: మొదటి రకం 186, రెండో రకం 187. రెండో వరసలో మొదటిదైన 63 ప్రధాన సంఖ్య కాదని చూడగానే తెలుస్తుంది కాబట్టి తీసేస్తే 372. వాటిలోనూ చాలావరకు ముందే రాలిపోతాయి: 249 అంటే 3 × 83, 497 అంటే 7 × 71, 559 అంటే 13 × 43. నిజంగా పరీక్షించాల్సిన మొదటిది 311. భాగిస్తే 69,05,092 సార్లు పోయి శేషం 35 మిగులుతుంది. దొంగ ఇది కాదు. ఆ తర్వాతి ప్రధాన సంఖ్య 1303 దాకా రాదు. ఇలా చివరిదాకా వెళ్ళినా ఒక్కటీ దొరకలేదు. బెర్నౌలీ అనే గణితజ్ఞుడికి రాసిన లేఖలో ఆయిలర్ ఈ సంగతి ప్రకటించాడు.

కాగితం దగ్గరుంటే 311 భాగహారం మీరూ చేసి చూడండి. ఐదు నిమిషాల పని.

ఆయిలర్‌కు ముందు ఎవరికీ తెలియదా?

అన్నవాళ్ళున్నారు, నిరూపించినవాళ్ళు లేరు. 17, 19 ఘాతాల విషయంలో ఇటలీకి చెందిన కటాల్డి ఓపిగ్గా భాగహారాలు చేసి సరిగ్గానే తేల్చాడు. ఆ ఊపులో 23, 29, 31, 37 కూడా ప్రధాన సంఖ్యలిస్తాయని 1603లో రాశాడు. నాలుగింటిలో 31 ఒక్కటే నిలిచింది. ఫ్రెంచి సన్యాసి మెర్సెన్ 1644లో 257 దాకా తన జాబితా ఇచ్చాడు. అందులోనూ 31 ఉంది. కానీ ఆ జాబితాలో 67, 257 తప్పుగా చేరాయి, 61, 89, 107 తప్పిపోయాయి. ఈ సంఖ్యలకు ఆయన పేరే స్థిరపడింది. పేరు రావడానికి జాబితా సరిగ్గా ఉండాలన్న నియమం లేదు మరి.

పరిపూర్ణ సంఖ్యతో దీనికేమిటి సంబంధం?

తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్ళీ తానే వచ్చే సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు. 6 అలాంటిది: 1 + 2 + 3. తర్వాతిది 28. ప్రతి మెర్సెన్ ప్రధాన సంఖ్యా ఒక పరిపూర్ణ సంఖ్యను ఇస్తుందని యూక్లిడ్ చూపించాడు. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఈ దారిలోనే వస్తాయని రెండు వేల ఏళ్ళ తర్వాత ఆయిలర్ నిరూపించాడు. మన సంఖ్యను 2³⁰తో గుణిస్తే ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య వస్తుంది: 2305843008139952128. 1 నుంచి 2147483647 దాకా ఉన్న సంఖ్యలన్నీ కూడినా సరిగ్గా ఇదే వస్తుంది.

1811లో ఇంగ్లండ్ గణితజ్ఞుడు పీటర్ బార్లో దీని గురించి ఒక జోస్యం చెప్పాడు. ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్య ఎప్పటికీ దొరకదట. ఎందుకంటే ఇవి వింతలే తప్ప ఉపయోగం లేనివి, కాబట్టి వెతికే శ్రమ ఎవరూ పడరు అని. పడ్డారు. 1876లో ఫ్రాన్స్‌కు చెందిన లూకాస్ 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్యేనని తేల్చాడు. 1883లో రష్యాలో పెర్వూషిన్ అనే మతాచార్యుడు 2⁶¹ − 1 సంగతి తేల్చాడు. ఉపయోగం లేదన్న మాట ఏమైందో కింద చూద్దాం.

ఇప్పుడైతే ఎలా పరీక్షిస్తారు?

లూకాస్ కనిపెట్టి, లెమర్ మెరుగుపెట్టిన పద్ధతి ఒకటుంది. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసేయండి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి. మళ్ళీ అదే. ఘాతాంకం కంటే రెండు తక్కువ సార్లు చేశాక సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య. చిన్నదాని మీద చూద్దాం. 31 అంటే 2⁵ − 1, కాబట్టి మూడు అడుగులు. 4 నుంచి 14. 14 వర్గం 196, రెండు తీస్తే 194, 31తో భాగిస్తే శేషం 8. 8 వర్గం 64, రెండు తీస్తే 62, శేషం సున్నా. అయిపోయింది. మన సంఖ్యకు ఇలాంటివి 29 అడుగులు. 4, 14, 194, 37634, 1416317954 దాకా భాగహారం అవసరమే రాదు. ఆ తర్వాత ప్రతి అడుగూ ముక్కుపిండి పని చేయిస్తుంది. కంప్యూటర్‌కు మాత్రం కనురెప్పపాటు పని.

దీని ఇరుగుపొరుగు సంఖ్యలు ఎలాంటివి?

పక్కనే ఉన్న 2147483648 అచ్చంగా రెండ్లతో కట్టిన గోడ, అందులో ఇంకో ప్రధాన కారణాంకమే లేదు. ఇవతలి పక్క 2147483646 అందుకు పూర్తిగా విరుద్ధం: 2 × 3 × 3 × 7 × 11 × 31 × 151 × 331. ఎక్కడెక్కడివో చిన్న కారణాంకాలన్నీ అక్కడే పోగుపడ్డాయి. ఈ విషయం కూడా కింద పనికొస్తుంది.

రెండే తేడాతో పక్కన ఉండే కవల ప్రధాన సంఖ్య దీనికి లేదు. రెండు తగ్గిస్తే చివర 5 వస్తుంది, రెండు పెంచితే 3 × 715827883 అవుతుంది. వెనక్కి వెళితే అతి దగ్గరి ప్రధాన సంఖ్య 2147483629, ముందుకు వెళితే 2147483659.

దీన్ని వర్గాల మొత్తంగా రాయవచ్చా?

రెండు వర్గాలతో కుదరదు, మూడుతోనూ కుదరదు. 8తో భాగిస్తే శేషం 7 వచ్చే సంఖ్య ఏదైనా అంతే. ఏ వర్గాన్ని 8తో భాగించినా శేషం 0, 1, 4లలో ఒకటే ఉంటుంది. వాటిలో మూడింటిని ఎలా కలిపినా 7 రాదు, కావాలంటే ప్రయత్నించండి. నాలుగు వర్గాలతో ప్రతి సహజ సంఖ్యనూ రాయవచ్చని లగ్రాంజ్ 1770లో నిరూపించాడు కాబట్టి ఇక్కడా దారి ఉండాలి. ఒక సాయంత్రం కూర్చుని వెతికితే ఇది దొరికింది:

46339² + 319² + 281² + 2²

విడివిడిగా 2147302921, 101761, 78961, 4. కూడి చూసుకోండి.

బైనరీలో ఎలా ఉంటుంది?

బైనరీ అంటే 0, 1 మాత్రమే వాడే రెండు ఆధారం పద్ధతి. అందులో వరసగా 31 ఒకట్లు, ఇంకేమీ లేదు. ఎటునుంచి చదివినా ఒకటే. నాలుగు ఆధారంగా రాస్తే 1 పక్కన పదిహేను 3లు, ఎనిమిది ఆధారంగా 1 పక్కన పది 7లు, పదహారు ఆధారంగా 7 పక్కన ఏడు ఎఫ్‌లు (అక్కడ ఎఫ్ అంటే 15). మనం వాడే పది అంకెల పద్ధతిలోనే ఇది ఇంత గజిబిజిగా కనిపిస్తుంది.

ప్రధాన సంఖ్య కాబట్టే దీన్ని కంప్యూటర్లలో హద్దుగా పెట్టారా?

కాదు, అది పూర్తిగా కాకతాళీయం. కంప్యూటర్ మామూలు పూర్ణాంకాన్ని 32 బిట్లలో, అంటే 0 గానీ 1 గానీ పట్టే 32 గడుల్లో దాస్తుంది. వాటిలో ఒకటి ధన, రుణ గుర్తుకు పోతే మిగిలేవి 31. అన్నిటిలోనూ ఒకట్లు నింపితే వచ్చే అతిపెద్ద విలువ ఇది. మిగతా సైజులు కూడా చూస్తే సంగతి తెలుస్తుంది. 8 బిట్లకు హద్దు 127, ప్రధాన సంఖ్య. 16 బిట్లకు 32767, అది 7 × 31 × 151. 32 బిట్లకు మనది. 64 బిట్లకు 9223372036854775807, దాన్ని 7 భాగిస్తుంది. 128 బిట్లకు 2¹²⁷ − 1, లూకాస్ తేల్చిన ప్రధాన సంఖ్య. ఒకటి విడిచి ఒకటి కుదిరింది, అంతే. ఇందులో ఏదో రహస్యం ఉందని నాతో వాదించినవాళ్ళున్నారు. నాకైతే కనిపించలేదు.

దానికి ఇంకో ఒకటి కలిపితే?

చాలా యంత్రాల్లో కారు మీటరు తిరిగినట్టు చివరికి వెళ్ళి −2147483648 అవుతుంది. జావా లాంటి భాషల్లో ఇది నియమంగానే రాసి ఉంది. సీ భాషలో మాత్రం ఇలా జరిగితే ఫలితం ఏమవుతుందో భాష హామీ ఇవ్వదు, ఆ టెన్షన్ ప్రోగ్రామర్‌దే. కొన్ని డేటాబేస్‌లు పట్టని విలువను హద్దు దగ్గరే ఆపేస్తాయి. నా ఫోన్ నంబర్లకు జరిగింది అదే: అన్నీ హద్దు కంటే పెద్దవి, అన్నీ ఒకే గోడకు కొట్టుకుని ఆగాయి.

2014 డిసెంబర్‌లో యూట్యూబ్‌లో ఒక కొరియన్ పాట వీడియో వ్యూలు ఈ హద్దును దాటే స్థాయికి చేరాయి. కౌంటర్‌ను 64 బిట్లకు మార్చామని అప్పుడు యూట్యూబ్ ప్రకటించింది.

2038 సమస్య అంటే ఇదేనా?

ఇదే. యూనిక్స్ తరహా వ్యవస్థలు కాలాన్ని 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. ఆ లెక్కను 31 బిట్లలో దాచుకుంటే ఎప్పుడు నిండుతుంది? రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 24,855 రోజులు పోగా 11,647 సెకన్లు మిగులుతాయి. అంటే 3 గంటల 14 నిమిషాల 7 సెకన్లు. పైన చెప్పిన 68 ఏళ్ళు దాటాక, 2038 జనవరి 19 మంగళవారం, యూటీసీ ప్రకారం తెల్లవారుజామున 3:14:07కు మీటరు నిండుతుంది. సరిచేయని యంత్రం మరుసటి సెకనులో 1901 డిసెంబర్‌లోకి వెళ్ళిపోతుంది. కొత్త వ్యవస్థలు ఎక్కువగా 64 బిట్లకు మారాయి. ఎక్కడో మూల పెట్టి మరిచిపోయిన పాత పరికరాలతోనే చిక్కు.

ప్రధాన సంఖ్య కావడం వల్ల ఎక్కడైనా నిజంగా ఉపయోగం ఉందా?

ఉంది, బార్లో ఊహించని చోట. కంప్యూటర్‌లో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే ఒక పాత పద్ధతి ఇది. ఒక సంఖ్యతో మొదలుపెట్టి, 16807తో గుణించి, 2147483647తో భాగించి శేషం తీసుకోవడం. మళ్ళీ దానికే అదే పని చేయడం. 1తో మొదలుపెడితే 16807, 282475249, 1622650073 ఇలా పోతుంది. చూడటానికి ఏ వరసా లేనట్టుంటుంది. ఈ జోడీని 1969లో లూయిస్, గుడ్‌మన్, మిల్లర్ ఐబీఎం యంత్రాల కోసం ప్రతిపాదించారు. 1988లో పార్క్, మిల్లర్ దీన్ని కనీస ప్రమాణంగా నిలబెట్టారు. సీ ప్లస్ ప్లస్ ప్రామాణిక లైబ్రరీలో ఇప్పటికీ ఉంది, అక్కడ పదివేలోసారి వచ్చే విలువ 1043618065 అయి తీరాలని నియమం కూడా.

16807 ఎందుకంటే అది 7⁵. మన సంఖ్య శేషాల ప్రపంచంలో 7ను పదేపదే గుణిస్తూ పోతే సున్నా తప్ప మిగతా 2147483646 విలువలూ ఒక్కోసారి వచ్చాకే మొదటికి తిరిగొస్తాం. ఐదేసి అడుగుల చొప్పున గెంతినా ఈ గుణం చెడదు, ఎందుకంటే 2147483646 కారణాంకాల్లో 5 లేదు. పైన పొరుగు సంఖ్యను విడగొట్టింది ఇందుకే. సున్నా తప్ప మిగతా అన్నిటినీ చుట్టివచ్చే ఇలాంటి చక్రం దొరకాలంటే భాగించే సంఖ్య ప్రధాన సంఖ్య అయి తీరాలి.

ఇంకో సౌకర్యం: భాగహారం చేయక్కర్లేదు. 9తో శేషం కావాలంటే అంకెలు కూడితే చాలని చిన్నప్పుడు నేర్చుకున్నాం కదా, 9 అంటే పదికి ఒకటి తక్కువ గనక. ఇదీ అలాంటిదే. 2³¹కు ఒకటి తక్కువ కాబట్టి పెద్ద సంఖ్యను 31 బిట్ల ముక్కలు చేసి కూడితే సరి. అయితే పాస్‌వర్డ్‌లకూ రహస్య సంకేతాలకూ ఈ పద్ధతి వాడకండి. ఒక్క విలువ తెలిస్తే తర్వాతవన్నీ తెలిసిపోతాయి.

తెలిసిన అతిపెద్ద ప్రధాన సంఖ్య ఇదేనా?

ఒకప్పుడు ఇదే. ఆయిలర్ తర్వాత 19వ శతాబ్దం మధ్య దాకా రికార్డు దీనిదే. 2024 అక్టోబర్‌లో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1లో నాలుగు కోట్ల పది లక్షలకు పైగా అంకెలున్నాయి. మన పది అంకెలు అక్కడ కంటికి ఆనవు.

2147483647నే ఘాతాంకంగా పెడితే?

తెలివైన ప్రశ్న. 5 ప్రధాన సంఖ్య. 2⁵ − 1 అంటే 31, అదీ ప్రధానమే. 2³¹ − 1 మనది, అదీ ప్రధానమే. కాబట్టి రెండును 2147483647 ఘాతానికి పెంచి ఒకటి తీస్తే మళ్ళీ ప్రధాన సంఖ్య వస్తుందేమోనని ఆశ పుడుతుంది. ఆ సంఖ్యలో 64 కోట్లకు పైగా అంకెలుంటాయి, రాసుకోవడమే గగనం. కానీ ఆయిలర్ వాడిన నియమమే ఇక్కడా పనిచేస్తుంది: దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 2147483647కు సరి గుణిజం కంటే ఒకటి ఎక్కువ ఉండాలి. అలా ఒక్కొక్కటీ పరీక్షిస్తూ పోతే 1,37,490 రెట్ల దగ్గర దొంగ దొరుకుతుంది: 295257526626031. ఐదుతో మొదలైన గొలుసు అక్కడ తెగింది.